చైతన్యం ఎవరిది? మద్రాసు తరగతి గదిలో ఒక పాత తగువు

జడపదార్థంలోంచి చైతన్యం ఎలా పుడుతుందో ఏ శాస్త్రమూ ఇంతవరకు తృప్తికరంగా చెప్పలేకపోయింది కనుక సృష్టికి మూలం చైతన్యమే అయి ఉండాలి, ఆ మూలచైతన్యమే బైబిల్ చెప్పే దేవుడు: క్రైస్తవ మతసమర్థకులు ఇవాళ గట్టిగా వినిపిస్తున్న వాదాల్లో ఇదొకటి. డేవిడ్ చామర్స్ 1990లలో చైతన్యం తాలూకు ‘కఠిన సమస్య’ను తత్త్వవేత్తల ముందు పెట్టాక దీనికి కొత్త ఊపు వచ్చింది. వాదం మాత్రం పాతదే. ఐర్లండుకు చెందిన జార్జ్ బర్క్‌లీ 1710లో, పాతికేళ్ల వయసులో, మనసుకు వెలుపల పదార్థమనేది లేనే లేదని పుస్తకం రాశాడు. చూసేవాడు లేనప్పుడు కూడా లోకం నిలిచి ఉంటోందంటే దాన్ని ఎల్లవేళలా చూసే మనసు ఒకటి ఉందనీ, అదే దేవుడనీ తేల్చాడు. నాస్తికుల నోరు మూయించడం ఆ పుస్తకం పనుల్లో ఒకటి. ఆయన తర్వాత బిషప్ కూడా అయ్యాడు. అంటే ఐరోపాలో భావవాదం తన తొలి నడకల్లోనే మతసమర్థన చెయ్యి పట్టుకుంది. అయితే ‘చైతన్యమే మూలం’ అన్న మాటకూ ‘క్రైస్తవ దేవుడు ఉన్నాడు’ అన్న మాటకూ నడుమ పెద్ద అగాధం ఉంది. బర్క్‌లీకి అది కనిపించకపోవడానికి కారణముంది: మూలచైతన్యాన్ని ఒప్పుకుని సృష్టికర్తను మాత్రం ఒప్పుకోని ప్రత్యర్థి ఆయనకు ఎదురుపడలేదు. అలాంటి ప్రత్యర్థి క్రైస్తవ భావవాదులకు ముఖాముఖి తగిలింది మన దేశంలో. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో మద్రాసులో ఆ వాదం ఎక్కడిదాకా వెళ్లిందో చూస్తే, తగాదా మూలతత్త్వం మనసా, పదార్థమా అన్న దగ్గర లేదని తెలుస్తుంది. అది చైతన్యం ఎవరిది, ఒక్కరిదా, ఎందరిదా అన్న దగ్గర ఉంది.

మద్రాసుకు ముందు కాశీ కథ చెప్పుకోవాలి. జాన్ మ్యూర్ అనే స్కాటిష్ ఉద్యోగి 1839లో ‘మతపరీక్ష’ అనే గ్రంథాన్ని సంస్కృత శ్లోకాల్లో రాసి క్రైస్తవమే సత్యమతమని వాదించాడు. ముగ్గురు పండితులు సంస్కృతంలోనే జవాబిచ్చారు. వాళ్లలో చిన్నవాడు నీలకంఠ గోరే. మ్యూర్‌ను ఖండిస్తూ ఇరవై ఏళ్ల ప్రాయంలో ‘శాస్త్రతత్త్వవినిర్ణయం’ రాసిన ఆ యువకుడే 1848లో బాప్తిస్మం పుచ్చుకుని నెహెమియా గోరే అయ్యాడు. ఆ తర్వాత షడ్దర్శనాలను ఖండిస్తూ హిందీలో ఒక గ్రంథం రాశాడు. దాని ఇంగ్లీషు అనువాదం 1862లో వచ్చింది. అద్వైతం మీద ఆయన వేసిన ప్రశ్నలు కోతకోసినట్టు ఉంటాయి. లోకానికి వ్యావహారిక సత్త ఉందంటారు, అది సత్తా అసత్తా? రెండూ కాని మూడో ఉనికి ఎక్కడిది? బ్రహ్మం జ్ఞానస్వరూపమంటారు, అది దేన్ని తెలుసుకుంటోంది? తెలుసుకునేవాడు లేక, తెలియబడేదీ లేక ఉండే జ్ఞానానికీ జడానికీ తేడా ఏమిటి?

ఈ ప్రశ్నలు మిషనరీల బడిలో తయారైనవని అనుకుంటే పొరపాటు. శ్రీభాష్యంలో రామానుజులు అద్వైతాన్ని నిలదీసింది ఇక్కడే. ఎరుక అంటే ఎప్పుడూ ఎవరో ఒకరికి, ఏదో ఒకదాని గురించి కలిగేదే, తండ్రి లేకుండా పుత్రత్వం ఎలా ఉండదో ఎవరిదీ కాని ఎరుక కూడా అలాగే ఉండదు అన్నది ఆయన వాదం. మన ఇళ్లలో రోజూ వినిపించే మాటొకటి ఆ రెండు వేదాంతాలకీ రణరంగమైంది: ‘హాయిగా నిద్రపోయాను, ఒళ్లు తెలియలేదు’. నిద్రలో ఏమీ తెలియలేదన్న సంగతి తెల్లారి గుర్తుండాలంటే అప్పుడు కూడా ఎరుక ఏదో మెలకువగా ఉండి ఉండాలి. ఆ సాక్షిచైతన్యానికి పేరు లేదు, ఊరు లేదు, అది అందరిలోనూ ఒక్కటే అంటుంది అద్వైతం. రామానుజులు ఆ వాక్యంలోనే ఉన్న ‘నేను’ను పట్టుకుంటారు: నిద్రపోయింది నేను, హాయి నాది, లేచి చెబుతున్నది నేనే, నిద్రలో మిగిలింది ఎవరిదీ కాని ఎరుక అయితే ఈ ‘నేను’ మధ్యలో ఎక్కడినుంచి వచ్చింది? గోరే ఈ ప్రశ్నను తన కొత్త మతంలోకి వెంట తీసుకెళ్లాడు. క్రైస్తవం వైపు నుంచి అద్వైతం మీద సాగిన దాడిలో బలమైన భాగమంతా శ్రీవైష్ణవ, మాధ్వ మఠాల్లో తరతరాలుగా సానపట్టిన తర్కమే.

ఇటు ఇలా ఉండగా స్కాట్లండులో ఒక విచిత్రం జరుగుతోంది. డార్విన్ తర్వాత, బైబిల్ మీద చారిత్రక విమర్శ వచ్చాక, పాత తరహా మతసమర్థన నిలబడలేని స్థితికి వచ్చింది. దాన్ని ఆదుకోవడానికి హెగెల్‌ను జర్మనీనుంచి దిగుమతి చేసుకున్నారు. హచిసన్ స్టిర్లింగ్ 1865లో హెగెల్ మీద పెద్ద గ్రంథం తెచ్చాడు. గ్లాస్గోలో కేర్డ్ సోదరులు విశ్వమంతా ఒకే ఆత్మ వికాసమనీ, క్రైస్తవం ఆ వికాసానికి శిఖరమనీ రెండు తరాల పాస్టర్లకు పాఠం చెప్పారు. మరి విశ్వమంతా ఒకే ఆత్మ అయితే, ప్రార్థించే మనిషి ఎవరు, ప్రార్థన అందుకునే దేవుడెవరు? భావవాదుల్లోంచే ఈ ప్రశ్న లేచింది. ఆండ్రూ సెత్ 1887లో, హెగెల్ మతంలో దేవుడి వ్యక్తిత్వమూ మనిషి వ్యక్తిత్వమూ రెండూ కరిగిపోతున్నాయని రాశాడు. ఒక ఆత్మలోకి మరో ఆత్మ చొరబడలేదని, ప్రతి ‘నేను’ తనకు తానే కేంద్రమని వాదించాడు. పదార్థవాదాన్ని ఓడించడానికి తెచ్చుకున్న సిద్ధాంతం దేవుడినీ భక్తుడినీ కూడా మింగేస్తోందని ఆయన గ్రహించాడు. నా దృష్టిలో ఈ చరిత్రలో మలుపు ఇదే.

ఆ సెత్ దగ్గర ఎడింబరోలో చదువుకున్న ఆల్ఫ్రెడ్ జార్జ్ హాగ్ 1903లో మద్రాస్ క్రిస్టియన్ కాలేజీకి తత్త్వశాస్త్రం చెప్పడానికి వచ్చాడు. జాన్ ఆండర్సన్ 1837లో పెట్టిన బడి విలియం మిల్లర్ చేతుల్లో దక్షిణాదిలో పేరుమోసిన కాలేజీ అయింది. బాప్తిస్మాల లెక్క కన్నా క్రైస్తవ భావాలు హిందూ సమాజంలోకి ఇంకడం ముఖ్యమని మిల్లర్ నమ్మకం. రఘుపతి వేంకటరత్నం నాయుడు అక్కడ చదివి బయటికొచ్చి, క్రైస్తవుడు కాకుండానే, జీవితమంతా ఏకేశ్వరవాదాన్నీ సంఘసంస్కరణనూ ప్రచారం చేశారంటే మిల్లర్ అంచనా ఎలాంటిదో అర్థమవుతుంది. ఆ కాలేజీ పత్రిక వాదవివాదాలకు పెట్టింది పేరు. దివ్యజ్ఞాన సమాజపు బ్లావట్‌స్కీ గుట్టు బయటపెడుతున్నామంటూ 1884లో ఉత్తరాలు అచ్చువేసి ఊరంతా గగ్గోలు పుట్టించింది ఆ పత్రికే. హాగ్ ‘కర్మ, విమోచన’ గురించి వరుసగా రాసింది కూడా అందులోనే. ఆ వ్యాసాలు 1909లో పుస్తకమయ్యాయి.

హాగ్ పద్ధతి అప్పటి మిషనరీల పద్ధతికి బాగా దూరం. విగ్రహారాధననూ కులాన్నీ ఎత్తిచూపి సులువుగా గెలవడం ఆయనకు ఇష్టం లేదు. హిందువు ఆలోచన ఎక్కడ బలంగా ఉందో అక్కడే దాన్ని కలుసుకోవాలన్నాడు. కర్మసిద్ధాంతాన్ని మూఢనమ్మకమని తీసిపారేయకుండా, న్యాయం పట్ల తీవ్రమైన పట్టుదల నుంచి పుట్టిన ఆలోచనగా చూశాడు. ఎవరు చేసింది వాళ్లే అనుభవించాలన్న లెక్క ఎంత కచ్చితంగా నడిస్తే, ఒకరికోసం మరొకరు బాధపడడానికి అక్కడ అంత చోటు తగ్గుతుందన్నది ఆయన విమర్శ. ఈ విమర్శ అడుగున ఒక తత్త్వం ఉంది: ఒకరి బాధ మరొకరికి మేలు కావాలంటే నిజంగా ఇద్దరుండాలి. శిలువ కథకు అర్థం ఉండాలంటే వ్యక్తులు అనేకులై తీరాలి. చైతన్యమే మూలమన్న మాటలో హాగ్‌కు హిందూ విద్యార్థితో పేచీ లేదు, పేచీ అంతా ఈ అనేకత్వం దగ్గరే.

ఆ తరగతిలో 1904 నుంచి 1908 దాకా కూర్చున్న విద్యార్థి సర్వేపల్లి రాధాకృష్ణన్. పూర్వికులది నెల్లూరు సీమ సర్వేపల్లి, పుట్టింది తిరుత్తణి, చదువు తిరుపతి, వేలూరు మిషన్ బడుల్లో. హిందూ ధర్మం మీద మిషనరీల విమర్శలు తనను కలతపెట్టాయని, ఆ కలతే తనను సొంత సంప్రదాయాన్ని తరచి చూసేలా చేసిందని ఆయన తర్వాత రాసుకున్నారు. వేదాంతంలో నీతికి చోటు లేదన్న ఆరోపణకు జవాబుగా వేదాంత నీతిమీదా దాని తాత్త్విక పునాదుల మీదా ఆయన రాసిన ఎం.ఏ. వ్యాసం 1908లో అచ్చయింది. అది తన మతానికి జవాబని తెలిసి కూడా హాగ్ ఆ కుర్రవాడికి మంచి యోగ్యతాపత్రం రాసిచ్చాడు. లోకం మాయ అయితే మంచి చెడ్డలు కూడా మాయే కదా అన్నది ఆరోపణ. దీనికి జర్మన్ పండితుడు పాల్ డాయ్‌సెన్ 1893లో బొంబాయి ఉపన్యాసంలో ఒక జవాబు చెప్పి ఉన్నాడు: పొరుగువాణ్ణి నీలాగే ప్రేమించమని బైబిల్ ఆజ్ఞాపిస్తుంది గానీ ఎందుకో చెప్పదు, పొరుగువాడు నీవే కనుక అని వేదాంతం కారణం చెబుతుంది. వినడానికి బాగుంది. కానీ పొరుగువాడు నేనే అయితే అతనికి నేను చేసేది ప్రేమ అవుతుందా, స్వార్థానికి పెట్టిన పెద్దపేరు అవుతుందా? రాధాకృష్ణన్ ఈ చిక్కును తప్పించుకునే దారి వెతికారు. మాయ అంటే లోకం లేదని అర్థం కాదని, లోకం తన కాళ్లమీద తాను నిలబడదని, బ్రహ్మం మీద ఆధారపడి ఉందని మాత్రమే అర్థమని ఆయన తొలినాళ్లనుంచీ వాదిస్తూ వచ్చారు.

ఇందులో శంకరులకు న్యాయం జరిగిందా? కొంత జరిగిందనే చెప్పాలి. శంకరులను బర్క్‌లీ పక్కన కూర్చోబెట్టేవాళ్లు బ్రహ్మసూత్ర భాష్యంలో రెండో అధ్యాయం, రెండో పాదం, ఇరవై ఎనిమిదో సూత్రం చదవాలి. బయటి వస్తువులు లేవు, మనోభావాలే ఉన్నాయనే విజ్ఞానవాద బౌద్ధుణ్ణి అక్కడ శంకరులు గట్టిగా పట్టుకుంటారు. స్తంభాన్నో గోడనో కుండనో బట్టనో చూసినప్పుడు మనకు తెలిసేది ఆ వస్తువే, దాన్ని చూసిన అనుభవం కాదు అంటారు. లోపలిదే బయట ఉన్నట్టు కనబడుతోందని బౌద్ధుడు అంటే, అసలు బయట అనేదే లేకపోతే ‘బయట ఉన్నట్టు’ అనే పోలిక ఎలా పుట్టింది, విష్ణుమిత్రుడు గొడ్రాలి కొడుకులా ఉన్నాడని ఎవరైనా అంటారా అని నిలదీస్తారు. మేలుకున్న మనిషికి లోకం మనసులోని బొమ్మ కాదు అన్నంతవరకు శంకరులు వాస్తవవాదే. బ్రహ్మజ్ఞానం కలిగాక ఆ లోకానికి ఏమవుతుందన్నది వేరే ప్రశ్న, అక్కడ రామానుజుల ఆక్షేపణ అలాగే నిలిచి ఉంది. అటు మిషనరీలు, ఇటు వేదాంతులు ఇద్దరూ ‘భావవాదం’ అనే ఒక్క గుడ్డకింద బర్క్‌లీని, హెగెల్‌ను, శంకరులను కప్పేయడం వల్ల ఈ తేడాలు చాలాకాలం కనిపించలేదు.

బ్రిటన్‌లో మాత్రం చైతన్యం ఒక్కరిదా, ఎందరిదా అన్న ప్రశ్న చివరికి సూటిగానే బయటపడింది. 1918లో ఆరిస్టొటీలియన్ సొసైటీ ఒక చర్చ పెట్టింది: పరిమితులైన జీవులకు ద్రవ్యంలా సొంత ఉనికి ఉందా, లేక మరోదానికి విశేషణంలా మాత్రమే ఉన్నారా? పూర్ణభావవాది బోసంకే విశేషణమే అన్నాడు. అప్పటికి ప్రింగిల్-ప్యాటిసన్ అని పేరు మార్చుకున్న సెత్, కాదు, జీవుడికి తనదైన ఉనికి ఉందన్నాడు. శ్రీవైష్ణవ సంప్రదాయం తెలిసిన తెలుగు పాఠకుడికి ఈ చర్చ వింతగా తోచదు. జీవుడు బ్రహ్మానికి విశేషణమే, అయినా నిజం, అనేకం, ఎప్పటికీ కరిగిపోనిది అన్నది విశిష్టాద్వైతం. లండన్‌లో ఎదురుబొదురుగా నిలిచిన రెండు పక్షాలూ శ్రీపెరుంబుదూరు ఆచార్యుడి ఒకే వాక్యంలో ఇముడుతున్నాయి. ఆ సభలో ఎవరికీ ఆయన పేరు తట్టినట్టు లేదు. మద్రాసుకు నలభై కిలోమీటర్లలో పుట్టిన ఆలోచన ఇది. భక్తికీ నీతికీ చోటివ్వని వేదాంతం అని మిషనరీలు తిట్టింది అద్వైతాన్నే. పక్కనే ఉన్న శ్రీవైష్ణవంతో వాళ్లు చాలాకాలం సరిగా తలపడలేదు, తలపడితే తమ వాదంలో సగం ముందే శ్రీవైష్ణవుల ఇంట్లో ఉందని ఒప్పుకోవలసి వచ్చేది.

ఇదంతా పాలకుడికీ పాలితుడికీ మధ్య జరిగిన సంభాషణ, దీన్ని సమానుల చర్చగా చూడడం అమాయకత్వం అనేవాళ్లున్నారు. ఆ మాటలో నిజముంది. కాలేజీ వాళ్లది, సిలబస్ వాళ్లది, అందులో భారతీయ దర్శనాలకు చోటు లేదు. రాధాకృష్ణన్ వాటిని సొంతంగా చదువుకోవలసి వచ్చింది. మాయావాదాన్ని ఎలాగైనా నీతికి అనుకూలంగా చూపాలన్న ఆరాటం ఆ తరం హిందూ మేధావులకు రావడమే ఆ ఒత్తిడికి గుర్తు. అయినా ఒత్తిడి వల్ల పుట్టిన ప్రశ్న అబద్ధపు ప్రశ్న అయిపోదు. గోరే ప్రశ్నలు సంస్కృతంలో అంతకు ఏడు శతాబ్దాల ముందునుంచీ ఉన్నాయి. పైగా ఒత్తిడి రెండు వైపులా పనిచేసింది. రాధాకృష్ణన్ 1920లో ‘సమకాలీన తత్త్వంలో మతాధిపత్యం’ గురించి పుస్తకం రాసి పాశ్చాత్యులనే బోను ఎక్కించారు: విలియం జేమ్స్, బెర్గ్‌సన్ వంటివాళ్లు అనేకత్వం వైపు మొగ్గడానికి కారణం తర్కం కాదు, వాళ్ల మత సంస్కారం, మతాన్ని పక్కనపెట్టి నిష్పాక్షికంగా ఆలోచిస్తే పూర్ణభావవాదమే తేలుతుంది అన్నారు. ఇది బలమైన దెబ్బ. కానీ ఇక్కడ ఆయన తీర్పుతో ఏకీభవించలేను. వ్యక్తి దేవుడిమీద ప్రేమ తత్త్వాన్ని వంచగలిగితే, గాయపడిన సంప్రదాయం మీద ప్రేమ కూడా వంచగలదు. ఆయన అద్వైతం వైపు, జేమ్స్ అనేకత్వం వైపు మొగ్గినప్పుడు ఇద్దరి వెనకా మతం ఉంది. ఎవరి వెనక ఏముందన్న దాన్నిబట్టి వాదం తప్పొప్పులు తేలవు.

కలకత్తాలో కథ కొంచెం వేరుగా నడిచింది. అక్కడ కేశవచంద్ర సేన్ 1882లో క్రైస్తవ త్రిత్వాన్ని సత్, చిత్, ఆనందంగా వివరించారు. కాషాయం కట్టిన కాథలిక్ బ్రహ్మబాంధవ ఉపాధ్యాయ ఆ సూత్రాన్ని తీసుకుని, మాయ అంటే సృష్టి దేవుడిమీద ఆధారపడి ఉండడమేనని చెప్పాడు. రాధాకృష్ణన్ అద్వైతాన్ని నిలబెట్టడానికి వాడిన వ్యాఖ్యానం, ఉపాధ్యాయ క్రైస్తవాన్ని నిలబెట్టడానికి వాడిన వ్యాఖ్యానం దాదాపు ఒక్కటే. ఒకే పునాదిమీద రెండు వేర్వేరు ఇళ్లు లేస్తున్నాయంటే, ఏ ఇల్లు కట్టాలో పునాది చెప్పడం లేదన్నమాట.

1937లో క్రిస్టియన్ కాలేజీ తాంబరానికి తరలింది. మరుసటి ఏడు డిసెంబరులో ఆ ఆవరణలోనే అంతర్జాతీయ మిషనరీ మహాసభ జరిగింది. దానికోసం డచ్చి పండితుడు హెండ్రిక్ క్రేమర్ రాసిన గ్రంథం, క్రీస్తులో వెల్లడైన సత్యానికీ ఇతర మతాలకూ మధ్య వంతెన లేదని తేల్చింది. ముప్పై అయిదేళ్లు హిందూ విద్యార్థులతో వాదించిన హాగ్ దీన్ని ఒప్పుకోలేదు. సిద్ధాంతాలను ఖండించవచ్చు, కానీ క్రైస్తవేతరుడి విశ్వాసంలో కూడా దేవుడి స్పందన ఉందని కాదనలేమన్నాడు. క్రేమర్‌కు మరో జవాబు నెల్లూరు నుంచి వచ్చిన పండిపెద్ది చెంచయ్యది. ఆయనా క్రిస్టియన్ కాలేజీ విద్యార్థే, రాధాకృష్ణన్ కన్నా రెండేళ్లు పెద్ద, వృత్తికి న్యాయవాది. మిత్రులతో కలిసి ఆయన తెచ్చిన ‘భారతదేశంలో క్రైస్తవ పునరాలోచన’ సంపుటం 1938లోనే వెలువడింది. చెంచయ్య అరవిందుల యోగాన్ని శ్రద్ధగా చదివినవాడు. ఆయన దృష్టిలో క్రీస్తు ఒక సిద్ధాంతానికి రుజువు కాదు, మానవజాతిలో మొదలైన కొత్త సృష్టి. చైతన్యం ఒకటా అనేకమా అన్న ప్రశ్నను ఆయన మరోవైపు తిప్పాడు: చైతన్యం ఇప్పుడు ఏమిటన్నది సరే, అది ఏమి కాగలదు? మద్రాసు చర్చ మొత్తంలో నాకు అతి సాహసంగా కనిపించే ప్రశ్న ఇదే, తెలుగువాళ్లు దాదాపు పూర్తిగా మరిచిపోయినది కూడా ఇదే.

భావవాదం ఎప్పుడో చచ్చిపోయింది, ఈ పాత పద్దులు ఇప్పుడెందుకని అడగవచ్చు. జి.ఇ. మూర్ 1903లోనే దాన్ని ఖండించాడు, ఆ తర్వాత ఇంగ్లీషు విశ్వవిద్యాలయాల్లో అది వెనకబడిన మాట నిజం. కానీ మెదడు శాస్త్రం ఎంత పెరిగినా ఎర్రరంగు చూసినప్పటి అనుభూతి నాడీకణాల లెక్కలో ఇమడకపోవడంతో, మూలంలోనే చైతన్యం ఉందనే వాదాలు మళ్లీ విశ్వవిద్యాలయాల్లోకి వచ్చాయి. వాటిని ఆసరా చేసుకుని దేవుణ్ణి రుజువు చేస్తున్నామనేవాళ్లూ వచ్చారు, అద్వైతం నిజమని శాస్త్రమే ఒప్పుకుంది అనేవాళ్లూ వచ్చారు. ఇద్దరూ ఒకే ఆధారాన్ని పట్టుకుని ఒకే అడుగు దూకుతున్నారు. పదార్థవాదం ఓడిపోయిందనే అనుకుందాం, అయినా ఆ చైతన్యం ఎవరిదన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉంటుంది. దానికి జవాబు నీతిలోంచో, ప్రార్థనలోంచో, నిద్రలేచిన మనిషి ‘నేను’ అనడంలోంచో వెతకాలి, మెదడు శాస్త్రంలోంచి రాదు. ఈ చర్చలోకి దిగదలచిన తెలుగు పాఠకులు, ఏ పక్షంవాళ్లయినా సరే, ముందు హాగ్ కర్మ వ్యాసాలనూ రాధాకృష్ణన్ తొలి వ్యాసాన్నీ చెంచయ్య రచనలనూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. చెంచయ్య తెలుగువాడైనా ఆయన రాసింది ఎక్కువగా ఇంగ్లీషులోనే. ఆ రచనలను తెలుగు చేసే పని ఎవరైనా పూనుకోవాలి.